మడక కట్టని మోతీ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో జమ్మలమడుగు సాలెవీధిలో తెల్లారిందంటే ఎంత అందంగా ఉండేదనుకున్నారు! ఈ చివర నుంచి ఆ చివరకు నిలువు పోగుల పడుగులు సాచి, నూలుకు గంజి పెట్టేవాళ్లు. ఎర్రనూలు, పచ్చనూలు, లేత ఎండలో తడితడిగా. ఆ గంజి వాసన ఇప్పుడెక్కడ దొరుకుతుంది! సరిగ్గా ఆ పడుగుల్లోకే కరుణమ్మ కుక్క మోతీ దూరేది.

దానికి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కట్టేస్తే తాడు కొరికేది, విప్పితే కుండలు పగలగొట్టేది. మూడోసారి పడుగు తెగిన రోజున నేతగాడు ఓబులేసు కరుణమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, పోయిన నీ మొగుని మొగం చూసి రెండుతూర్లు ఊరకున్న్యా. ఇంగోతూరి దూరిందంటే దాని బువ్వలో మందు పెడ్తా. దొంగతనంగా కాదు, నీకు చెప్పే పెడ్తా."

అన్నంత పనీ చేసే మనిషే. కరుణమ్మ గబగబా మోతీని లోపలికి లాగి తలుపేసింది. ఊరూరా తిరిగి సువార్త పుస్తకాలు, పలకలు అమ్మే భర్త సాలోమోను చనిపోయి అప్పటికి పదకొండు నెలలు. పిల్లలు లేరు. ఆయన చేత్తో పెంచిన ప్రాణి ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోతే ఆ ఇంట్లో ఆమె ఎవరితో మాట్లాడాలి?

పక్కింటి హజరాబీ ఉపాయం చెప్పింది. "కోడెలకు విత్తులు కొట్టిస్తే మెత్తబడ్తాయి గదా కరుణమ్మా! దీనికీ అట్లే చేపియ్యి." నిజమే కదా అనిపించింది. నిన్నటిదాకా కొమ్ములు విసిరిన కోడె, ఆ పని చేయించాక బుద్ధిగా వెంట నడవడం ఎవరు చూడలేదు?

బండి మాట్లాడుకుని మోతీని ప్రొద్దుటూరు పశువుల ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు యజ్ఞనారాయణ అంతా విన్నాడు. "ఆడకుక్కల వెంట పడి తిరిగేది తగ్గుతుంది. పోట్లాటలు తగ్గొచ్చు. ఈ గంతులు తగ్గుతాయని మాత్రం నేను చెప్పనమ్మా" అన్నాడు. ఆ చివరి మాట ఆమె చెవిన వేసుకుంటేనా! చేయించేసింది.

పుండు మానేదాకా మోతీ మూలన పడుకుంది. వీధంతా సంబరపడింది. అది బుద్ధి కాదు, నొప్పి. నెల తిరక్కుండానే తాడు తెంపుకుని మళ్లీ పడుగు వైపు దూకింది. కరుణమ్మ వెనకాలే పరుగెత్తి, నూలుకు జానెడు దూరంలో దాని మీద పడి పట్టుకుంది.

"ఓబులేసప్పా, విత్తులు గూడా తీపిస్తి గదప్పా! ఇంగేం చేయల్ల నేను?" అని నడివీధిలో బావురుమంది.

ఓబులేసు చేతిలోని గంజి కుంచె కింద పెట్టాడు. "విత్తులు కొట్టిస్తే సాలా అక్కా? పొద్దుగూకులు మడక కట్టి దున్నిస్తాం గాబట్టి ఎద్దు మెత్తబడ్తాది. పని జెప్పకుండా గాట్లో కట్టేసి మేపు, గోడలు పొడుస్తాది. మీ ఆయప్ప ఉండేటప్పుడు ఇది దినామూ ఆయన ఎనకాల పదిమైళ్లు నడిచేది. ఇప్పుడు గుంజకు కట్టేసినావు. మల్ల దాని మడక యాడ?"

మర్నాడు పొద్దున్నే కరుణమ్మ తాడు విప్పి, భర్త రోజూ నడిచిన దానవులపాడు దారి పట్టింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా ఆ దారిన ఏనాడూ పోలేదు. దారి కుక్కకే తెలుసు. పెన్న ఒడ్డున ఇసుకలో తనివితీరా దొర్లి, లేచి, ముందు నడుస్తూ, వస్తోందా లేదా అని ఆమె కోసం వెనక్కి చూసేది. ఊరి మొదట్లో ఒక గుడిసె ముందు ఆగి, ఎవరూ చెప్పకుండానే కుదురుగా కూర్చుంది.

లోపల్నుంచి గంగమ్మ అనే ముసలామె వచ్చింది. "మోతీ! ఎన్నాళ్లాయరా!" అని రొట్టె తుంచి వేసి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దారి వైపు చూసింది. "పుస్తకాలయ్య యాడమ్మా? ఎనకాల వస్తాండాడా? మా మనవరాలికి పలక తెస్తానన్న్యాడే."

జమ్మలమడుగులో అందరికీ తెలిసిన సంగతే. ఆ మాట తన నోటితో చెప్పాల్సిన అవసరం కరుణమ్మకు ఇన్నాళ్లూ రాలేదు.

"రాడవ్వా" అంది చివరికి. "ఇంగ రాడు."

గంగమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చల్ల తెచ్చిచ్చి, తనూ పక్కనే కూర్చుని ఏడ్చింది. మోతీ రొట్టె తినేసి కరుణమ్మ పాదం మీద తల పెట్టి నిద్రపోయింది. అది అలా పడుకోవడం ఆయన పోయాక ఆమె చూడలేదు.

చాలాసేపటికి కరుణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పెద్ద పలక గావల్లనా, చిన్నదా అవ్వా? రేపు నేను తెస్తా" అంది.