మొగులొచ్చెనే

నా హార్మోనియం సంగతి ఎవరూ అడగరు. నిజామాబాద్‌లో ఎక్కడ కూర్చున్నా "తుకారాం, నర్సింలు ఎట్లున్నడు?" అనే అడుగుతారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే నా పెట్టె లేకున్నా పాట నడుస్తుంది, వాడి ఢోలక్ లేకుంటే నడవదు.

నర్సింలుది మోర్తాడ్. చిరుతల రామాయణాల్లో మొదలుపెట్టి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీవాళ్ళ నాటకాలకు వాయించి, చివరికి గ్రామఫోను ప్లేట్ల కంపెనీవాళ్ళు ఎవరొచ్చినా ముందు వాడికే కబురు పెట్టేంత పేరు తెచ్చుకున్నాడు. పాడేవాడు తాళం తప్పినా, పందిరి కూలినా వాడి చెయ్యి ఆగదనేవారు. ప్లేటు మీద మాత్రం వాడి పేరు ఎప్పుడూ పడలేదు. వాయించేవాళ్ళ పేర్లు ఎవడు వేస్తాడు?

వాడు పాటలు కూడా కట్టేవాడు. అడిగినవాడికల్లా ఇచ్చేసేవాడు, ఒక్కటి తప్ప. అది వాళ్ళ బాపు ఆశన్న మీద కట్టిన పాట. ఒక ఏడు, ఉడికించిన పసుపు ఆరబోసి ఉండగా మబ్బు కమ్ముకొచ్చింది. మా దిక్కు మబ్బును మొగులంటాం. పసుపు మీద కప్పడానికి ఆశన్న గోనెపట్టా పట్టుకుని ఉరికాడు. పిడుగు ఆయన మీదే పడింది. నర్సింలు కళ్ళ ముందే పడింది. ఆ తర్వాత కట్టిన పాట ఇది:

మొగులొచ్చెనే అవ్వ మొగులొచ్చెనే
పసుపారకముందె మొగులొచ్చెనే
ఉరుముకుంట ఉరుముకుంట మొగులొచ్చెనే

అరవై తొమ్మిదిలో చెన్నకేశవరావు అనే కంపెనీ మనిషి మద్రాసు నుంచి వచ్చి పల్లెపాటల ప్లేటు వేస్తానన్నాడు. నర్సింలు ఈ పాట ఇచ్చాడు. కన్నతల్లి, వాళ్ళవ్వ లింగవ్వ అడిగింది కాబట్టి ఇచ్చాడు. "మీ బాపు పాట నలుగురి చెవుల వడాలె బిడ్డా, గంతే" అందామె. అవ్వకు మాట ఇచ్చి వచ్చానని వాడు నాకు దారి పొడుగునా చెప్తూనే ఉన్నాడు.

రికార్డింగు గంజ్ మార్కెట్లో, ఒక పసుపు గోదాంలో. చుట్టూ బస్తాలు పేర్చి నడుమ ఒకే మైకు పెట్టారు. పాడేది నాగకుమారి. వాళ్ళ నాన్న రత్తయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బోధన్ దగ్గర కాలువ కింద భూమి చేసుకుంటున్న రైతు. ఆ పిల్లకు ఇదే మొదటి ప్లేటు. చెన్నకేశవరావు మా దగ్గర పాట విని, తను దిగిన చోట ఆమెకు నేర్పాడట. మమ్మల్ని పిలవలేదు. పెద్దమనిషి కదా, అన్నీ ఆయనకే తెలుసు.

ఊరు మంచిగా లేదు. తెలంగాణ కావాలని ఊరంతా అట్టుడుకుతోంది. దుకాణాలు బందు. స్టేషన్ దగ్గర బయలుదేరిన ఊరేగింపు గంజ్ వైపే వస్తోందని చెప్పిపోయారు. అది గేటు దాకా వస్తే మైకులో పాట పడదు, నినాదాలు పడతాయి. ఆంధ్రావాళ్ళు లోపలున్నారని తెలిస్తే ఇంకేం పడతాయో చెప్పలేం. రత్తయ్య తలుపు సందులోంచి చూస్తూ "కానివ్వండి బాబూ, బస్సు ఆపేస్తారు" అంటూనే ఉన్నాడు.

మిషను తిరిగింది. నర్సింలు ఎత్తుకున్నాడు. నాగకుమారి గొంతు విప్పింది.

"మొగుడొచ్చెనే అమ్మ మొగుడొచ్చెనే, పసుపారకముందె మొగుడొచ్చెనే..."

ఒంటికి రాసుకున్న పసుపు ఆరకముందే మొగుడొచ్చాడని, సిగ్గుపడుతూ, నవ్వుతూ పాడుతోంది పిల్ల. అంత కమ్మగా పాడుతుంటే తప్పని ఎవరికి తెలుస్తుంది? "ఉరుముకుంట" దగ్గరకొచ్చేసరికి మొగుడు గుడ్లురుముతూ వస్తున్నట్టు కళ్ళు కూడా తిప్పింది.

ఢోలక్ ఆగిపోయింది. పందిరి కూలినా ఆగని చెయ్యి.

"ఏమయ్యా, చెయ్యి నొప్పా?" అన్నాడు చెన్నకేశవరావు.

"మొగుడు గాదు సారూ. మొగులు."

"మొగులేంటి? నువ్వు నోరు తిరక్క అలా అన్నావనుకున్నా."

"మొగులంటే ఏంటండీ?" అంది నాగకుమారి.

నర్సింలు చెప్పాడు. ఎక్కువ మాటలు రావు వాడికి. "మబ్బు, అమ్మా. మా బాపు గా మొగుల్లనే పోయిండు. పసుపు కప్పవోయి." అంతే అన్నాడు. ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది.

చెన్నకేశవరావు కూడా రాతి మనిషేం కాదు, కాసేపు తల దించుకున్నాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. "పాపం, విచారకరమే. కానీ మబ్బుల పాట ఎవడు కొంటాడయ్యా? మొగుడైతే ప్రతి పెళ్ళిలోనూ మోగుతుంది. మొగుడే పాడమ్మా. ఇంకొక్కసారికే టైముంది."

నినాదాలు దగ్గరయ్యాయి. రత్తయ్య కూతురి భుజం పట్టుకుని "ఆయన చెప్పినట్టు పాడమ్మా, మళ్ళీ పిలవొద్దూ?" అన్నాడు.

"లే నర్సింలూ, పోదాం పా. వాని మొగుడో వాడో వాళ్ళే ఢోలక్ కొట్టుకుంటరు" అన్నాను వాడి చెవిలో.

"నేను లేస్తె బాపు మొత్తానికే పోతడన్నా. నా దెబ్బ సప్పుడన్న ఉండనీ" అన్నాడు. ఢోలక్ మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

మిషను తిరిగింది. మొదటి పల్లవిలో మొగుడే వచ్చాడు. నర్సింలు తల ఎత్తకుండా వాయించాడు. రెండో పల్లవిలోనూ మొగుడే. ఈసారి ఆ పిల్ల గొంతులో సిగ్గు లేదు, నవ్వు లేదు. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు పాడుతోంది. చరణం అయ్యాక నర్సింలు ఎడమచేత్తో ఒక దరువు తీశాడు. గోదాం గోడల్లోంచి వచ్చినట్టు, ఎక్కడో దూరాన ఉరిమినట్టు. నాగకుమారి తల తిప్పి వాడివైపు చూసింది.

"మొగులొచ్చెనే అవ్వ మొగులొచ్చెనే..."

చెన్నకేశవరావు రెండు చేతులూ ఊపాడు. అరవడానికి లేదు, అరిస్తే అదీ టేపులో పడుతుంది. పాట అయిపోవడం, ఊరేగింపు గేటు ముందుకు రావడం ఒక్కసారే జరిగాయి.

ఆయన ఆ పిల్లను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. రత్తయ్య కూడా ఏడుపు ముఖంతో "చేతులారా పోగొట్టుకున్నావు గదే" అన్నాడు. నర్సింలు మాత్రం ఢోలక్ భుజానికి తగిలించుకుని "పా అమ్మా" అని ముందు నడిచాడు. వెనక గేటు నుంచి, సందుల్లోంచి వాళ్ళిద్దరినీ బస్టాండుకు చేర్చాం. నాకు ఎన్నడూ లేని ధైర్యం ఆరోజు ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

మళ్ళీ తీసే తీరిక కంపెనీకి లేకపోయింది. ఉన్నదున్నట్టే ప్లేటు వేశారు. రెండుసార్లు మొగుడు, ఒకసారి మొగులు. నోరు జారింది పాపం అని జనం నవ్వుకున్నారు. ప్రతి పెళ్ళిలో మోగింది, అక్కడ పెద్దమనిషి చెప్పింది నిజమే. నాగకుమారిని మాత్రం ఏ కంపెనీ పిలవలేదు. నర్సింలు ఆ ప్లేటు ఇంటికి తీసుకుపోలేదు. అవ్వ అడిగితే "ఇంకా రాలే" అనేవాడు.

మరుసటి ఏడు పసుపు ఆరే రోజుల్లో నేను మోర్తాడ్ పోయాను. ఎండ మండుతోంది. లింగవ్వ ఆరబోసిన పసుపును కాళ్ళతో తిరగేస్తోంది. పక్కింట్లో పెళ్ళి. మైకుసెట్టులో ఆ పాట మొదలైంది. నర్సింలు దిగ్గున లేచాడు.

"గిది నీ దెబ్బనే గదరా!" అంది లింగవ్వ. తర్వాత మాటలు చెవిన పడ్డాయి. పందిట్లో ఈలలు, నవ్వులు. ఆమె కొడుకు వైపు చూసిన చూపు నేను చూడలేకపోయాను. రెండోసారి కూడా మొగుడే వచ్చాడు.

అప్పుడు ఆ దరువు, దాని వెనకే ఆ పిల్ల గొంతు. మొగులొచ్చెనే అవ్వ.

లింగవ్వ పసుపులోనే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పాట అయిపోయేదాకా ఏడ్చింది.

"ఎవల బిడ్డరా గది?" అంది చివరికి.

ఆ ఏడు ఆ ఊళ్ళో, బోధన్ కాలువ కింది ఆంధ్రా రైతు కూతురని చెప్పడం అంత తేలిక కాదు. నర్సింలు నావైపు చూశాడు.

"మనోల్ల పిల్లనే అవ్వా."

"నేననుకున్న" అంది లింగవ్వ కళ్ళు తుడుచుకుంటూ. "మనోల్లు గాకుంటె, మొగులంటె ఏందో గా పిల్లకెట్ల తెలుస్తది?"

నర్సింలు అవునన్నాడు.