తలకిందులైన నలభై రెండో పేజీ

మా దొర థొరోల్డ్ గారు లండన్ హ్యామర్‌స్మిత్‌లో నది ఒడ్డున చేతి అచ్చు ప్రెస్సు పెట్టిన నాటి నుంచి నా ప్రాణానికి సుఖం లేదు. కాగితం తడి కాస్త ఎక్కువైనా, సిరా కాస్త పలచనైనా, "మళ్ళీ కొట్టవోయ్ టిడ్‌మార్ష్!" అనేవారు. ఒక్క కవితల పుస్తకానికి ఏడాది పట్టింది. పేజీల అంచులు మడతలతోనే ఉంచి అమ్మాం. చదివేవాళ్ళే కత్తితో కోసుకోవాలి.

అమ్మిన ఐదు నెలలకు, మిగిలిన కాగితాలు సర్దుతుంటే అప్పుడు కంటపడింది. నలభై రెండో పేజీ తలకిందులుగా అచ్చయింది. సిరా చూశాం, తడి చూశాం, పేజీ చూడలేదు!

"ఊరంతా నవ్వుకుంటోందేమో! సరైన పేజీ మళ్ళీ అచ్చుకొట్టి, పట్టుకెళ్ళి ఇంటింటా మార్చి రా" అన్నారు దొర.

మొదటి ఇంట్లో సర్ ఆల్జర్నన్ పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు.

"మడతలు కోస్తావా? ఇంకా నయం! కోస్తే దానికి విలువేముంటుందయ్యా?"

"మరి చదవడం ఎలాగండీ?"

"చదవడానికి బజార్లో ఇవే కవితల చవక ప్రతి ఉందిగా!"

తొమ్మిది ఇళ్ళు తిరిగాను. కాళ్ళు అరిగాయి తప్ప ఒక్క మడతా తెగలేదు.

"ఒక్కరూ చదవలేదండీ" అన్నాను తిరిగొచ్చి.

"మొద్దులు! పుస్తకమంటే బొమ్మనుకున్నారా?" దొర మండిపడ్డారు.

"పోనీ, మీ ప్రతిలోనైనా మారుస్తాను" అంటూ కత్తి తీసి బీరువా వైపు నడిచాను.

దొర ఒక్క అంగలో వచ్చి అడ్డం నిలబడ్డారు.

"కత్తి లోపల పెట్టవోయ్! అది ఇంకా కొయ్యలేదు."