మిషనుకి నూనె

గవర్నర్‌పేట సందులో సయీదాకి అనుమానపు మనిషని పేరు. వాసన చూడందే పాలు పోయించుకోదు. జాకెట్టు గుడ్డ తెచ్చినవాళ్ళ ఎదుటే టేపు పెట్టి కొలుస్తుంది. పొద్దున్నే వంట ముగించి వాకిట్లో కుట్టుమిషను ముందు కూర్చుంటే, మళ్ళీ లేచేది మొగుడు కరిముల్లా షాపు నుంచి భోజనానికి వచ్చినప్పుడే.

ఆ మిషను ఒక్కోసారి ఎవరూ తొక్కకుండానే ఆడేది. సందులో ఎవరి గుండె మొరాయిస్తే, ఆ గుండె కొట్టుకున్నట్టే సూది ఆడేది. చప్పుడు వినగానే మగవాళ్ళందరూ ఛాతీ తడుముకునేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువ చెమట పట్టినవాణ్ణి ఆటో ఎక్కించేవాళ్ళు. అలా బతికి బయటపడ్డవాళ్ళున్నారు.

కిందటేడు మిషను ఆడినప్పుడు పక్కింటి హనుమయ్యని తీసుకెళ్ళారు. ఈసీజీ శుభ్రంగా ఉందన్నారు. ద్రాక్షపళ్ళు కొనుక్కుని తిరిగొచ్చేసరికి ఆయన భార్య రామతులసి పొయ్యి పక్కన ఒరిగిపోయి ఉంది. పొద్దుట్నుంచీ వీపు నొప్పంటుంటే సోడా తాగమన్నారు. "గ్యాస్ పైకి తన్నింది పాపం," అనుకున్నారు. మిషను పొరపాటు పడిందని మెకానిక్ మాణిక్యాన్ని పిలిచి నూనె పోయించారు.

అప్పట్నుంచీ సయీదాకి అనుమానం. మిషను మీద కాదు.

1998 వేసవిలో గుండెజబ్బుల సర్వేకి డాక్టర్ సుస్మిత వచ్చింది. గుండెపోటు ఎవరికొచ్చింది, ఏం వైద్యం అందింది, ఎందరు బతికారు అని దేశమంతా అడుగుతున్నారట.

"మా ఆడవాళ్ళకి రాదండి. సిగరెట్లా, మందా?" అన్నాడు కరిముల్లా.

"మరి వాళ్ళు దేంతో పోతున్నారండీ?"

"గ్యాస్," అన్నాడు హనుమయ్య.

సుస్మిత నవ్వలేదు. "ఆడవాళ్ళకి ఒక్కోసారి ఛాతీలో నొప్పే రాదండి. దవడ లాగుతుంది, వీపు పట్టేస్తుంది, చెమటలు పోస్తాయి. ఆస్పత్రికి ఆలస్యంగా వస్తారు. అందుకే ఎక్కువమంది పోతారు."

"వస్తారా, తెస్తారా?" అంది సయీదా.

వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం, నమాజు నుంచి వచ్చి కరిముల్లా అన్నం ముందు కూర్చోగానే మిషను ఆడింది. పరుగెత్తింది, ఆగింది, మళ్ళీ పరుగెత్తింది.

"నాదే!" అని కంచం తోసేశాడు కరిముల్లా.

హనుమయ్య ఆటో తెచ్చాడు. "భాభీ, ఫ్లాస్కులో టీ పోసివ్వండి, తొందరగా!"

ఫ్లాస్కు అందుకోబోతే సయీదా దవడ లాగింది. పొద్దుట్నుంచీ లాగుతూనే ఉంది, పన్ను పోటనుకుంది. మెడ మీద వేళ్ళు పెట్టుకుని మిషను వైపు చూసింది. సూది ఆగినప్పుడల్లా వేళ్ళ కింద నరం ఆగుతోంది.

ఫ్లాస్కు అక్కడే పెట్టేసి ఆటో ఎక్కింది.

"నువ్వెందుకు? ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు కరిముల్లా.

"మిషను చూస్తుంది. జరగండి."

ఆస్పత్రిలో ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటుండగానే వెళ్ళి మంచం మీద పడుకుంది. "ముందు నాకు తియ్యండి."

"పేషెంటు ఆయన కదమ్మా?" అంది నర్సు.

"ఆయనకి గ్యాస్."

ఈసీజీ కాగితం సగం బయటికి రాగానే నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది. గుండెలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేళకి పడింది.

సయీదా ఇంటికొచ్చాక హనుమయ్య పళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. మిషను మీద చెయ్యేసి మెచ్చుకోలుగా నిమిరాడు.

"చూశారా భాభీ, నూనె పోయించాక ఎంత సరిగ్గా పలికిందో!"

"నూనెకి ముందూ సరిగ్గానే పలికింది అన్నా."

హనుమయ్య మెల్లగా అరుగు మీద కూర్చుని తన ఇంటి వంటగది కిటికీ వైపు చూశాడు. చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది.

మిషను కదల్లేదు.