కోట మార్కు తాళాలు

సుపేలాలో జోగయ్య చేసిన తాళాల పేరు కోట. అది రాజుల కోట అనుకునేవారంతా. నిజానికి అది ఆయన భార్య కోటమ్మ పేరు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం మానేసి, రేకుల షెడ్డులో ఇత్తడి తాళాలు చేయడం మొదలుపెట్టాడాయన. దగ్గర్లోని చరోదా రైల్వే కాలనీలో చాలా తలుపులకు ఇప్పటికీ అవే వేలాడుతున్నాయి. ఆయన పోయాక కంపెనీని కోడలు అరుణజ్యోతి నడుపుతోంది.

ఒక ఉదయం చరోదా నుంచి కన్నమ్మ, ఆమె పక్కింటి గౌరీదేవి ముఖాలు ముడుచుకుని వచ్చారు. కన్నమ్మ తమ రెండిళ్ల తాళాలూ చెవులతో సహా బల్ల మీద పెట్టింది.

"ఈవిడ తాళంచెవితో నా తాళం తెరుచుకుపోనాది. ఈ చెవి ఇంకెంతమంది దగ్గరుందో ఏటో."

"సంచులు మోసుకొస్తూ గుమ్మం పొరబడ్డాను దీదీ. కావాలని తీశానా?" అంది గౌరీదేవి అరుణజ్యోతితో.

అరుణజ్యోతి చెవులు మార్చి చూసింది. నిజమే. ఈ మాట కాలనీలో పొక్కితే ఇక షెడ్డు మూసుకోవడమే. వెంటనే అత్తగారిని పిలిచింది.

కోటమ్మ తాళాల అడుగున వేలితో తడిమింది.

"రెండేసి చుక్కలున్నాయి చూడు. ఇవి జంట తాళాలు. మీ మావ కావాలనే ఒకే చెవి పెట్టినారు."

"ఎందుకత్తా?"

"వీళ్ల అత్తలిద్దరూ వచ్చి అడిగినారు. మొగోళ్లకి రైల్వే యార్డులో షిఫ్టు డ్యూటీ. ఒకామె బజారుకెళ్తే, బడినుంచొచ్చిన పిల్లలకి రెండో ఆమె తలుపు తియ్యాలని. అడిగినోళ్లకే ఇలా చేసేవారు. మిగతావాటికి దేని చెవి దానిదే."

అయినా అరుణజ్యోతి అరలో ఉన్న పాత తాళాలన్నిటికీ ఆ చెవి పెట్టి చూసింది. ఒక్కటీ తెరుచుకోలేదు.

కన్నమ్మ కుర్చీలో కూలబడింది. "మా అత్త ఒక్క మాటైనా చెప్పలేదు."

"నిన్నంతా నన్ను దొంగలా చూశావు," అంది గౌరీదేవి, కళ్లు తుడుచుకుంటూ.

"చూశాను. మనసులో పెట్టుకోకు గౌరీ."

"వేరే చెవులున్న తాళాలు ఇమ్మంటారా?" అరుణజ్యోతి అడిగింది.

కన్నమ్మ తన తాళం చేతిలోకి తీసుకుంది. "ఒద్దమ్మా. నా కూతురు బడినుంచి వచ్చేసరికి నేను పనిలో ఉంటాను. గౌరి తీస్తాదిలే."

వచ్చినప్పుడు వేర్వేరు ఆటోల్లో వచ్చినవాళ్లు, వెళ్లేటప్పుడు ఒకే ఆటో ఎక్కారు.