రెండో చరణం

తెల్లవారుజాము మంచు ఇంకా పట్టాల మీదనే ఉంది. వించి గదిలో తోమాసు ఇనుపతాడుకు గ్రీజు పూస్తున్నాడు. గోనెపీలిక చేతికి చుట్టుకొని, డ్రమ్ము మీది ఒక్కొక్క చుట్టునూ ఒత్తి తుడుస్తూ, తెగిన పోగు ఎక్కడైనా వేలికి తగులుతుందేమోనని తడుముతూ మెల్లగా జరుగుతున్నాడు. పొట్టి మనిషి. సన్నని మెడ, అందులో పెద్ద గొంతుముడి. మీసం మాత్రం జమేదారు మీసంలా దట్టం. ఆ మీసం చాటునుంచి అంత సన్నని ఆడగొంతు వస్తుందంటే మాచ్‌ఖండ్ కాలనీకి కొత్తగా వచ్చినవాళ్ళెవరూ నమ్మరు.

కింద లోయలో పవర్‌హౌసు, పైన కొండ అంచున వించి గది. రెంటికీ నడుమ నిచ్చెన వేసినట్టు నిలువుగా దిగే పట్టాలు, వాటి మీద ఒక ట్రాలీ. గంట మోగితే బ్రేకు వదలాలి, మళ్ళీ మోగితే బిగించాలి. ప్రాజెక్టు మొదలైన నాటినుంచీ తోమాసు బతుకు ఆ గంటకూ ఆ లివరుకూ మధ్యనే నడిచింది. మనుషుల్ని దింపాడు, మనుషుల్ని ఎక్కించాడు. తాను మాత్రం ఉన్నచోటనే ఉన్నాడు.

పొద్దుటి షిఫ్టువాళ్ళు మఫ్లర్లు చుట్టుకొని వచ్చి ట్రాలీలో కూర్చున్నారు. ఫిట్టరు లక్ష్మణుడు ఎక్కబోతూ ఆగి, తలుపులోంచి తొంగిచూశాడు.

“ఏటి తోమాసమ్మా, ఈయేడు పెళ్ళికూతురు మారిపోనాదంట గదా?”

“మారిపోనాది,” అన్నాడు తోమాసు. “నువ్వెల్లి కూకో. గంట కొట్టీసినారు.”

ట్రాలీలో అందరూ నవ్వారు. ఆ నవ్వులో కల్మషం లేదు, అలవాటు ఉంది. తోమాసు బ్రేకు వదిలాడు. నవ్వులు మంచులోకి దిగిపోయాయి.

ఆ సాయంత్రం క్లబ్బు వార్షికోత్సవం. కాలనీ ఆడవాళ్ళు వేదిక ఎక్కేవారు కారు గనుక ఏటా యుగళగీతాల్లో ఆడగొంతు తోమాసుదే. హెడ్డు గుమాస్తా చంద్రశేఖరం తెర ముందు నిలబడి మగగొంతు పాడితే, తెర వెనక స్టూలు మీద కూర్చొని తోమాసు జవాబు పాడేవాడు. మీసం కనబడితే జనం నవ్వుతారని ఆ తెర. చివర ఒక్క పాట మాత్రం తోమాసు ఒక్కడే, తెర వెనకనుంచే పాడేవాడు. రేవులో పడవకోసం ఎదురుచూసే ఆడమనిషి పాట అది. ఆ పాటకు చంటిపిల్లలు సైతం ఊరుకునేవారు.

ఆ పాటను అతడు ఒక్కసారే విన్నాడు. మేనకోడలి బాప్తిస్మానికి సాలూరు వెళ్ళినప్పుడు, టూరింగు టాకీసులో నేల మీద కూర్చొని విన్నాడు. తిరుగు దారిలో లారీ ఘాటు రోడ్డు ఎక్కుతుంటే సగం పాట వానలో పోయింది. పల్లవి నిలిచింది, మొదటి చరణం నిలిచింది. రెండో చరణానికి మాటలు మిగిలాయి, వరస మిగలలేదు. కొండల అడుగున రేడియో పెడితే ఉరుములు తప్ప మాట పట్టదు. అడుగుదామంటే తెలిసినవారు లేరు. అందుకని, తల్లి తిరగలి విసురుతూ పాడుకున్న కీర్తన వరసను తెచ్చి ఆ మాటల కింద పరిచాడు. పరుగెత్తే పాట నడక నేర్చుకుంది. డ్యూటీలో లివరు పట్టుకొని దాన్ని కూర్చుకుంటుండగా, ఒకనాడు రెండో చరణం నడుమ గంట మోగింది. పాట ఆపి ట్రాలీ దింపి, మళ్ళీ అందుకున్నాడు. ఆ ఆగడం పాటలోనే ఉండిపోయింది. ఏటా వేదిక మీద కూడా అక్కడ ఆగేవాడు. హార్మోనియం ఆగేది, తబలా ఆగేది. కాలనీ అంతా ఊపిరి బిగబట్టి, అతడు అందుకున్నాక వదిలేది.

ఈ ఏడు చంద్రశేఖరం విశాఖపట్నం నుంచి గ్రామఫోను తెచ్చాడు. ప్లేటు పెట్టి విన్నాక, ఇన్నేళ్ళూ కాలనీ విన్నది ఆ పాట కాదని తెలిసింది. డిస్పెన్సరీకి ఇందుమతి అనే కొత్త నర్సు కూడా వచ్చింది. కాకినాడ పిల్ల, చర్చిలో పాడిన గొంతు. ఇక తెర అక్కరలేదనీ, పాట ప్లేటులో ఉన్నట్టే ఉండాలనీ క్లబ్బువారు తీర్మానించారు. ఆ మాట చంద్రశేఖరమే ఆఫీసు వరండాలో తోమాసుకు చెప్పాడు. భుజం మీద చెయ్యివేసి, మంచిగానే చెప్పాడు. తోమాసు తల ఊపాడు. బాధ వస్తుందేమోనని రెండు రోజులు చూశాడు. రాలేదు. చలికి మొద్దుబారిన వేలు సూదికి పలకనట్టు, లోపల ఏదీ పలకలేదు. పొద్దున భార్య దేవమణి, గొంతుకు మిరియాల కషాయం కాచమంటావా అని ఏటాలాగే అడిగి, అడిగాక నాలిక కరుచుకుంది. అక్కరలేదన్నాడు.

మధ్యాహ్నం తన షిఫ్టు దిగి ఇంటికి పోతుంటే క్లబ్బులో రిహార్సలు వినిపించింది. గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు. ఇందుమతి కళ్ళు మూసుకొని పాడుతోంది. పాట చురుకుగా, తేటగా, నవ్వుతూ పరుగెత్తుతోంది. తప్పు ఒక్కటి లేదు. పడవ వస్తుందని ఆ పాటలోని మనిషికి ముందే తెలిసినట్టుంది.

క్లబ్బు ఊడ్చే అప్పమ్మ చీపురు పట్టుకొని మూల నిలబడి వింటోంది. పాట అయ్యాక తల అడ్డంగా ఊపింది.

“సిస్టరమ్మ గొంతు తేనెలాగుంది గానీ, పాట తప్పు పాడతంది.”

చంద్రశేఖరం నవ్వాడు. “ప్లేటు తప్పా అప్పమ్మా, నువ్వు తప్పా?”

“పలేటు సంగతి నాకేటి తెల్సు బాబూ? పాట అలగుండదు. ఆ పాట పాడే నా మనవడిని నిద్దరోగొడతాను. ఇలగ పాడితే గుంటడు లెగిసి గెంతుతాడు.”

రిహార్సలు చూడవచ్చిన ఆడవాళ్ళు అవునన్నారు. ఇందుమతి మొహం చిన్నబోయింది. తోమాసు చెప్పుల చప్పుడు కానివ్వకుండా వెనుదిరిగాడు.

సాయంత్రం షిఫ్టు రెండో వించి మనిషి ఏలీయాది. అతడు హార్మోనియం వాయించాలి. ఏటా ఆ షిఫ్టు కోసం ఎవరినో బతిమాలుకునేవారు. ఈసారి తోమాసే చేస్తానన్నాడు. రెండోసారి కొండ ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. ఎడమ చెయ్యి బరువుగా తోచింది. కుర్చీలో కూర్చొని చెయ్యి తీసి లివరు మీద పెట్టాడు.

కాసేపటికి ఇందుమతి ఒక్కతే వచ్చింది, స్వెట్టరు మీద కొంగు కప్పుకొని.

“తోమాసుగారండీ, అందరూ నాది తప్పంటున్నారు. మీరు పాడేది ఒక్కసారి వినిపిస్తారా?”

“నాదే తప్పమ్మా. నాకు ఆ పాట రాదు. మర్సిపోయిన కాడల్లా మాయమ్మ పాట ఏసీసినాను.”

“ఆ తప్పే నేర్పండి.”

తోమాసు కిటికీలోంచి లోయలోకి చూశాడు. నేర్పితే, ఇక తనదంటూ ఏదీ ఉండదు. నేర్పకపోతే, ఈ రాత్రితో ఆ పాటే ఉండదు. ఈ రెండూ అతనికి స్పష్టంగా తెలిశాయి. ఏది ఎక్కువ నష్టమో మాత్రం తేలలేదు. తేలకముందే గొంతు దానంతట అది ఎత్తుకుంది.

మైకు లేదు, తెర లేదు. ఒక ఆడమనిషి ఎదుట అతడు ఆ గొంతుతో పాడటం అదే మొదలు. మీసం కదులుతూనే ఉంది. ఇందుమతి నవ్వలేదు. రెండో చరణం నడుమ అతడు ఆగాడు. ఆమె కొంతసేపు చూసింది.

“ఇక్కడెందుకు ఆగారు?”

“గంట మోగింది.”

“మోగలేదుగా?”

“ఇప్పుడు కాదమ్మా. అప్పుడు.”

ఆమె మళ్ళీ మళ్ళీ పాడించుకుంది. చివరికి తాను పాడితే అతడు విన్నాడు. తిరగలి వరస కొత్త గొంతులో సర్దుకుని కూర్చుంది. వెళ్ళబోతూ ఆమె నీలం తిరిగిన అతని గోళ్ళవంక చూసి, ఎన్నాళ్ళుగా ఆయాసమనీ, గుండెల్లో బరువుందా అనీ అడిగింది. రేపు తప్పక డిస్పెన్సరీకి రమ్మంది.

“రేపొస్తాన్లే అమ్మీ. ఎల్లు, పొద్దోతంది.”

దీపాలు పెట్టే వేళకు మైకుసెట్టు మోగింది. పిల్లల నాటిక అయింది, ఇంజనీరుగారి ఉపన్యాసం అయింది. యుగళగీతాలు కొండకు తగిలి వెనక్కి వచ్చాయి. తోమాసు ట్రాలీని ఒకసారి దింపి, ఖాళీగా పైకి తెచ్చి, బ్రేకు బిగించి కూర్చున్నాడు. పాదాలు చల్లగా ఉన్నాయి. అవి తనవి కానట్టున్నాయి.

చివరి పాట మొదలైంది. చంద్రశేఖరం చెప్పినట్టే ఆమె చురుకుగా ఎత్తుకుంది. పల్లవి పరుగెత్తింది. మొదటి చరణమూ పరుగెత్తింది. సరే, అనుకున్నాడు తోమాసు. అదే పాట మరి.

రెండో చరణం దగ్గర ఆమె వేగం దించింది. తబలా ఒక్క క్షణం తడబడి, పాత అలవాటు మీద నడక పట్టుకుంది. తిరగలి వరస లోయ మీదుగా వచ్చింది. ఆగవలసిన చోట పాట ఆగింది. హార్మోనియం ఆగింది. కాలనీ అంతా ఆగింది. అలవాటుకొద్దీ తోమాసు, తరువాతి మాట అందుకోవడానికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఆ మాట ఆమె అందుకుంది.

కింద చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇందుమతి తన మెడలో వేసిన బంతిపూల దండ తీసి ఏలీయా చేతికిచ్చి, తోమాసుగారికి ఇచ్చి రమ్మంది. ఏలీయా దండ పట్టుకొని కొండ ఎక్కుతుంటే వించి గంట మోగింది. జవాబు లేదు. మళ్ళీ మోగింది. ఏలీయా నడక పెంచాడు.

తోమాసు కుర్చీలోనే ఉన్నాడు. గడ్డం రొమ్ముకు ఆనింది. బ్రేకు బిగించే ఉంది. “మావా,” అన్నాడు ఏలీయా. భుజం పట్టి కదిపి, “మావా, సిస్టరమ్మ నీ పాటే పాడింది గదా,” అన్నాడు. గంట ఇంకొకసారి మోగింది. పనయిన మనుషులు కింద చలిలో నిలబడి ఉన్నారు. అతణ్ణి ఎత్తడానికి రెండు చేతులూ కావాలి గనుక, ఏలీయా దండను లివరుకు తగిలించాడు. తోమాసును గోనెల మీద పడుకోబెట్టి, చెయ్యి రొమ్ము మీదికి చేర్చి, కుర్చీలో కూర్చొని బ్రేకు వదిలాడు. పైకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మఫ్లరు విప్పి లోపలికి వచ్చారు. ఏలీయా వెళ్ళి దేవమణిని తీసుకొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం సమాధి చేశారు. వించి ఆగడానికి వీల్లేదు గనుక పొద్దుటి షిఫ్టు నడిచింది, సాయంత్రం షిఫ్టూ నడిచింది. దండను తీసెయ్యమని ఎవరూ అనలేదు, ఎవరూ తీయలేదు. గంట మోగినప్పుడల్లా అది లివరుతోపాటు ముందుకొకసారి, వెనక్కొకసారి ఊగుతూ, గ్రీజు మరకల మీద ఒక్కొక్క పచ్చని రేకను రాలుస్తూ, అక్కడే వేలాడింది.