సోమవారం ఉదయం తొమ్మిది

రైలు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే చాలు, హల్దిస్ ఫోన్ తీసేది. ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్ళే బండ్లన్నీ ఆ కొండ మీది చిన్న స్టేషన్ మీదుగానే పోవాలి. బండి రావలసిన నిమిషానికి రాకపోతే అవతలి స్టేషన్‌ను అడగాలి. అక్కడా జవాబు లేకపోతే మంచు తోసే యంత్రాన్ని పంపాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే. ఆలస్యం అన్న మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. అలాంటి మనిషి ఆ ఆదివారం గోడ గడియారం కింద కూర్చుని గంటా ఇరవై నిమిషాలు ఏం చేసిందో చెప్పాలంటే, ముందు గురువారం సాయంత్రం గురించి చెప్పాలి.

ఆ సాయంత్రం వంటగది బల్ల మీద పీఠభూమి పటం పరిచి ఉంది. దాని నాలుగు మూలలా నాలుగు కాఫీ కప్పులు బరువు పెట్టారు. హల్దిస్ తమ్ముడు వేగార్డ్, కూతురు ఇంగున్ దాని మీదికి వంగి మూడు రోజుల ప్రయాణం గీస్తున్నారు. స్కీల మీద నిలబడి, నడుముకు కట్టుకున్న పెద్ద గాలిపటం లాగుతుంటే మంచు మీద దూసుకుపోవడం వేగార్డ్‌కు బతుకుతెరువు. శీతాకాలమంతా పట్నం వాళ్ళకు అదే నేర్పుతాడు. ఇంగున్‌కు పంతొమ్మిదేళ్ళు. మేనమామ దగ్గర నేర్చుకుని ఇప్పుడు మేనమామకే వంకలు పెడుతోంది.

"ఈ లోయలోంచి వద్దు మామయ్యా. రెండు పక్కలా ఏటవాలు. మంచు జారి మీద పడిందనుకో, గాలిపటం ఉన్నా గుడ్డపేలికే."

"చుట్టూ తిరిగితే ఏడు కిలోమీటర్లు ఎక్కువ."

"ఎక్కువైతే ఎక్కువ. నీకేం, గాలి కదా లాగేది? నువ్వేమన్నా మోస్తున్నావా?"

వేగార్డ్ నవ్వి గీత చెరిపేశాడు. గాలి పెరిగితే ఎక్కడ గాలిపటాలు దించాలో, గాలి చచ్చిపోతే ఎక్కడి నుంచి ఏ విడిదికి ఎంతసేపు నడవాలో, అన్నీ రాశారు. గాలికి తగ్గట్టు మూడు సైజుల పటాలు, పార, పొయ్యి, మూడు రోజులకు బదులు ఐదు రోజుల తిండి. ఇద్దరు లోపల దూరి గాలికి తలదాచుకునే ఎర్ర సంచి మాత్రం, సామాను పెట్టి మంచు మీద లాగే స్లెడ్జి బండిలో కాకుండా ఇంగున్ వీపు మీదే ఉండాలని రెండుసార్లు గీత గీసి మరీ రాశారు. ఆ పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అలా అనిపించేలా ఉంది కనుకనే, ఉన్న ఒక్క తప్పు ఎవరి కంటా సరిగ్గా పడలేదు.

కాదు, ఒకరి కంట పడింది. పక్కింటి తోర్‌గేర్ ఆ సాయంత్రం వాఫిల్ అట్లు తినడానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు కొండ రక్షక దళంలో పనిచేసిన మనిషి. కుర్చీలో కూర్చోవాలంటే ఎడమ కాలు ముందుకు చాచి, రెండు చేతులతో బల్ల పట్టుకుని, నెమ్మదిగా దిగాలి. అతను అలా దిగుతున్నంతసేపూ హల్దిస్ పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఏడాదిగా అదే చేస్తోంది.

ఆ కాలు ఆమె చేసిన ఫోన్ వల్ల పాడైంది. కిందటేడు ఇదే నెలలో వేగార్డ్, ఇంగున్ ఇలాగే వెళ్ళి ఆదివారం నాలుగింటికి రావలసి ఉంది. రాలేదు. నాలుగూ ఇరవైకి ఆమె అత్యవసర నంబరుకు ఫోన్ చేసింది. పన్నెండుమంది మంచు స్కూటర్ల మీద బయల్దేరారు. కళ్ళు పొడుచుకున్నా కనపడని ఆ తెల్లటి గాలిలో తోర్‌గేర్ స్కూటర్ కొండ అంచున చూరులా వేలాడే మంచు దాటి పడిపోయింది, అతని మోకాలు చితికింది. ఆ సమయానికి ఇంగున్, వేగార్డ్ గాలి లేక నడుచుకుంటూ వచ్చి, ఆరు కిలోమీటర్ల అవతల విడిదిలో పొయ్యి రాజేసుకుని వేడివేడి కోకో తాగుతున్నారు.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. "మంచి పని చేశావమ్మా, అలాగే చెయ్యాలి" అన్నారందరూ. కానీ స్టేషన్ పక్క కొట్టులో ఎవడో, "హల్దిస్ కాఫీ చల్లారితే హెలికాప్టర్ లేస్తుంది" అన్నాడట. ఆ మాట ఆమె చెవిన పడింది. తలకొట్టేసినట్టయింది. ఆ నవ్వులు మర్చిపోవచ్చు. తోర్‌గేర్ రోజూ ఉదయం పాల కోసం కుంటుకుంటూ ఆమె కిటికీ ముందునుంచే వెళ్తాడు. అది మర్చిపోవడం కుదరలేదు.

వేగార్డ్ కాగితం మీద చివరి రెండు వరుసలు రాశాడు. 'తిరిగి రాక: ఆదివారం సాయంత్రం నాలుగు.' దాని కింద, 'కబురు లేకపోతే ఫోన్ చేయాల్సింది:' అని రాసి ఒక్క క్షణం ఆగాడు. అక్క వైపు చూడకుండా 'సోమవారం ఉదయం తొమ్మిది' అని పూర్తిచేశాడు.

తోర్‌గేర్ వాఫిల్ మీద గోధుమరంగు చీజు ముక్క పెట్టుకుంటూ కాగితం తనవైపు తిప్పుకున్నాడు.

"పదిహేడు గంటలా? మధ్యలో అందరూ నిద్రపోదామనా?"

"గాలి ఆగిపోతే ఏదో విడిదిలో ఉండిపోతాం అన్నయ్యా. స్టేషన్ దాటిన రెండు కిలోమీటర్లకే ఫోన్ సిగ్నల్ చచ్చిపోతుంది, చెప్పే దారి లేదు. ఊరికే అందరినీ పరుగులు పెట్టించడం ఎందుకు?"

"ఊరికే" అన్న మాట బల్ల మీద అలాగే ఉండిపోయింది. తోర్‌గేర్ హల్దిస్ వైపు చూశాడు. ఇంటి దగ్గర కనిపెట్టుకుని ఉండేది ఆమె. ఆ గడువుకు ఒప్పుకోవాల్సిందీ ఆమే. రైలుకు నాలుగు నిమిషాలు ఓర్చుకోలేని మనిషి ఇప్పుడు గయ్యిమని లేస్తుందని అతను ఎదురుచూశాడు.

హల్దిస్ గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఆదివారం నాలుగింటికి ఫోన్ వైపు చూడక్కర్లేదు. ఆ పాపం తన నెత్తిన లేదు. కాగితమే వద్దంటోంది.

"తొమ్మిదే బాగుంది" అంది.

తోర్‌గేర్ ఇంకేమీ అనలేదు. ఏం అన్నా తన మోకాలు మాట్లాడినట్టుంటుందని ఊరుకున్నాడని తర్వాత తెలిసింది. ఇంగున్ మాత్రం పకపకా నవ్వింది.

"అమ్మా! నువ్వు తెల్లారేదాకా ఆగుతావా? నాలుగూ ఐదుకల్లా హెలికాప్టర్ ఎక్కి నువ్వే వచ్చేస్తావు!"

"నోరు ముయ్యవే" అంది హల్దిస్. అందరూ నవ్వారు. ఆమె కాగితం తీసి ఫ్రిజ్ తలుపుకు అతికించింది.

శుక్రవారం ఉదయం ఇద్దరూ బయల్దేరారు. ఆ రోజూ శనివారమూ ఆకాశం తళతళలాడింది. పడమటి గాలి, వాతావరణ వార్తల్లో చెప్పినట్టే. ఆదివారం పదకొండింటికి స్టేషన్ కప్పు మీది గాలి సూది తూర్పుకు తిరిగింది. పన్నెండున్నరకు గాలి వేగం ఒక్కసారిగా పైకి ఎగబాకి మళ్ళీ పడింది, మళ్ళీ ఎగబాకింది. ఒకే తీరున వీచే గాలి ఎంత పెద్దదైనా వేగార్డ్‌కు భయం లేదు. ఇలా తన్నే గాలికే ఎవరైనా భయపడాలి. గాలిపటాలు దించేసి ఉంటారు, తెలివైనవాళ్ళు, దించేసి ఎక్కడో తలదాచుకుని ఉంటారు అనుకుంది హల్దిస్.

నాలుగయింది. ప్లాట్‌ఫారం చివర, కర్రలు పాతిన దారి దిగే చోట ఎవరూ లేరు. నాలుగూ ఇరవై అయింది. కిందటేడు ఫోన్ చేసిన నిమిషం. ఫోన్ మీద చెయ్యి వేసి తీసేసింది.

నాలుగూ ముప్పై ఐదు బండి రాలేదు. నాలుగూ ముప్పై తొమ్మిదికి ఆమె చెయ్యి దానంతట అదే లేచి అవతలి స్టేషన్‌కు ఫోన్ చేసింది. "ఎక్కడుందండీ బండి?" అని గద్దించింది. "వస్తోంది తల్లీ, సొరంగం నోట్లో మంచు. అంత కంగారెందుకు?" అన్నాడు అవతలివాడు. ఫోన్ పెట్టేశాక తను చేసిన పని తనకే తెలిసింది. ముక్కూ మొహం తెలియని డెబ్బైమంది ప్రయాణికుల కోసం నాలుగు నిమిషాలకు లేచిన చెయ్యి, కన్నకూతురి కోసం లేవడం లేదు.

అయినా చెయ్యలేదు. అదీ నిజమే, దాచడం ఎందుకు? ఇప్పుడు ఫోన్ చేస్తే ఈ గాలిలో మళ్ళీ పన్నెండుమంది బయల్దేరుతారు. వాళ్ళలో ఒకడు మళ్ళీ పడిపోతే? ఇద్దరూ మళ్ళీ ఏ విడిదిలోనో కోకో తాగుతుంటే? సోమవారం తొమ్మిది అని రాసి ఉంది కదా? ఐదింటికి చీకటి పడింది. ఆమె కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగింది. ఐదూ ఇరవైకి కోటు వేసుకుని, స్టేషన్ కుర్రాడికి అప్పగించి, తోర్‌గేర్ ఇంటికి పరిగెత్తింది.

తలుపు తీసే ఉంది. తోర్‌గేర్ వాకిటి గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద దళం ఎర్ర కోటు, కాళ్ళకు బూట్లు, ఒళ్ళో వైర్‌లెస్. అతను ఇక స్కూటర్ ఎక్కలేడు. అయినా తొడుక్కున్నాడు.

"వచ్చారా?" అన్నాడు.

"లేదన్నయ్యా."

"నాలుగు నుంచి ఇలాగే కూర్చున్నాను."

"మరి రాలేదేం? ఒక్క మాట చెప్పకపోయావా?"

"నేనొచ్చి చెయ్యమంటే, నా కాలు చూసి చేసినట్టవుతుంది. వద్దంటే నా కాలు చూసి మానేసినట్టవుతుంది. ఏం చెప్పమంటావ్?" అతను వైర్‌లెస్‌ను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. "నువ్వు రావాలనే కూర్చున్నా. నువ్వు ఇంతసేపు ఆగుతావని కలలో కూడా అనుకోలేదు, హల్దిస్."

"వాడు తొమ్మిదని రాశాడు."

"వాడు నీ బాధ చూసి రాశాడు. గాలిని చూసి రాయలేదు. చెయ్యి."

"నువ్వు చెయ్యన్నయ్యా. నావల్ల కాదు."

"కాదు. నువ్వే. నేను పక్కన కూర్చుంటా."

హల్దిస్ ఫోన్ చేసేటప్పటికి ఐదూ నలభై. పేర్లు చెప్పింది, దారి చెప్పింది, ఎర్ర సంచి సంగతి చెప్పింది. ఎంత సేపటి నుంచి కబురు లేదని అడిగితే మాత్రం ఫోన్ తోర్‌గేర్ వైపు పట్టింది. తోర్‌గేర్ వంగి ఫోన్‌లోకి తనే చెప్పాడు.

పథకంలోని దారి గీతకు వంద గజాల్లోనే, రెయిన్‌వట్న్ సరస్సు ఒడ్డున, రెండున్నర గంటల్లో వాళ్ళు దొరికారు. మధ్యాహ్నం ఒంటిగంటకు పటాలు దించుతుండగా ఒక గాలి విసురు వేగార్డ్‌ను ఇంటి కప్పు అంత ఎత్తుకు లేపింది. అతను పటాన్ని తెంచుకునే పిడి లాగాడు. లాగాడు కానీ కింద రాయి ఉంది. తుంటి ఎముక విరిగింది. తెగిన పటం తాళ్ళు స్లెడ్జి బండికి చుట్టుకుని, పొయ్యీ నిద్ర సంచులూ సహా దాన్ని సరస్సు మీదుగా లాక్కుపోయాయి. వేగార్డ్ ఎడమ చేతి తొడుగు కూడా పోయింది. మిగిలింది ఇంగున్ వీపు మీది ఎర్ర సంచి, పార. ఆ పిల్ల మంచు తవ్వి గోడ కట్టి, మామయ్యను సంచిలో కుక్కి, తనూ దూరింది. ఇద్దరికీ మూడు తొడుగులు. నాలుగో చేతికి వంతులు వేసుకున్నారు.

బుధవారం బెర్గెన్ ఆస్పత్రిలో వేగార్డ్ ఎడమ చేతి వేళ్ళు మూడు తీసేశారు. గాలిపటం కడ్డీ పట్టే చెయ్యి. ఇంకో గంటన్నర ముందు వచ్చి ఉంటే దక్కేవా అని హల్దిస్ నడవలో డాక్టరును అడిగింది. దక్కేవేమో, చెప్పలేమమ్మా, అంది ఆవిడ. దక్కవు అని ఉంటే బాగుండేది.

గదిలోకి వచ్చేసరికి వేగార్డ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంగున్ మంచం పక్కన కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. మంచుకు కాలిన బుగ్గల మీద మందు పూసి ఉంది. తల్లిని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మామయ్య నిద్రపోతానని ఒకటే గొడవమ్మా. నిద్రపోతే అంతే కదా. చెంప మీద కొడుతూ, 'నాలుగయింది, అమ్మ ఫోన్ చేసేసి ఉంటుంది, లే' అన్నాను. 'కాగితంలో సోమవారం అని ఉందే పిచ్చిదానా' అన్నాడు. 'మా అమ్మ కాగితం చూస్తుందా? రైలు నాలుగు నిమిషాలు లేటైతేనే ఊరుకోదు, నేను లేటైతే ఊరుకుంటుందా?' అన్నాను. 'ఇప్పుడు బయల్దేరి ఉంటారు, ఇప్పుడు వంతెన దాటి ఉంటారు' అని లెక్క చెబుతూనే ఉన్నా. దాంతోనే ఇద్దరం మెలకువగా ఉన్నాం." ఆ పిల్ల నవ్వబోతే బుగ్గ మండి ఆగిపోయింది. "నాలుగూ ఇరవైకి చేసి ఉంటావు, కదూ?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల జీవితాంతం నిశ్చింతగా ఉండేది. హల్దిస్‌కు ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. దుప్పటి మీద తమ్ముడి చేతికి చుట్టిన తెల్లకట్టు కనిపించింది.

"ఐదూ నలభైకి" అంది.

ఇంగున్ అర్థం కానట్టు చూసింది. తర్వాత మెల్లగా అర్థమైంది.

"తొమ్మిదని రాసింది నేనక్కా" అన్నాడు వేగార్డ్, కళ్ళు తెరవకుండానే.

"తొమ్మిదే బాగుందన్నది నేను" అంది హల్దిస్.

ఇంగున్ తల్లి చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు. కానీ కళ్ళు మాత్రం మామయ్య చేతి కట్టు మీదికి తిప్పుకుంది.