గోడ మీద బిందె

ఆఖరి డబ్బా ఎత్తి బండి మీద పెట్టేసరికి కూర్మమ్మ నడుం కలుక్కుమంది. తోపుడు బండి కొయ్య పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. షెడ్డులో నీళ్ళు శుభ్రం చేసే యంత్రం గుయ్యిమంటోంది. నీలం డబ్బాల మీద యూనివర్సిటీ ముద్ర, దాని కింద ‘ఎగువ వీధికి మాత్రమే’ అని తెల్ల అక్షరాలు. ఆ అక్షరాల మీద ఆమె చేతులు. ఏళ్ళ తరబడి జీడిపిక్కలు కొట్టిన చేతులు. జీడిరసానికి వేళ్ళ కొసలు నల్లబడిపోయి, ఇన్ని మంచినీళ్ళు మోసినా ఆ నలుపు వదల్లేదు.

చంటిదాన్ని చంకనేసుకుని కోడలు యమున పరుగులాంటి నడకతో వచ్చింది.

“అత్తా, ఈ మెషీను ఉంచుతారో పట్టుకుపోతారో ఇయ్యాల తేలిపోద్దంట గదా. సారుని గట్టిగా అడుగు. మల్లీ బోరు నీలంటే దీనికేటి పట్టాల నాను?”

“అడుగుతానే. సంటి గుంటకి ఎండ తగల్తంది, ఇంటికెల్లు.”

“నువ్వెప్పుడూ అలగే అంతావు. సారు ముందర నీ నోరు పెగల్దు.”

కూర్మమ్మ బండి తోసింది. నిజమే, ఆమె నోరు ఎక్కడా పెగల్లేదు. మొగుడు సోములు కాళ్ళు వాచి, ఆకలి చచ్చి, శ్రీకాకుళం ఆస్పత్రి మంచం మీద కిడ్నీల జబ్బుతో పోయినప్పుడూ పెగల్లేదు. జీడి బట్టీలో యజమాని కసిరినప్పుడూ, బళ్ళో వంటకి కుదిరి పిల్లలకి అన్నం చాలక హెడ్మాస్టరు చేత తిట్లు తిన్నప్పుడూ పెగల్లేదు. తాళ్ళపుట్టుగలో సోములు లాంటివాళ్ళు వీధికి ఎంతమందో. ఆ ఊళ్ళో చుట్టం ఎదురైతే మొహం కన్నా ముందు కాళ్ళు చూస్తారు, వాచాయేమోనని.

అరుగు మీద పళ్ళు తోముకుంటున్న తవిటమ్మ బండిని చూసి పుల్ల తీసింది.

“ఏటే కూర్మీ, అమ్మోరి ఊరేగింపు బయల్దేరిందేటి? మా గుమ్మం కాడ ఓ సుక్క ఒలకబొయ్యవే, పున్నెముంటాది.”

“నీలొలికితే నా ఉద్దోగం ఒలికిపోద్ది, ఊరుకో తవిటప్పా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఊరందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. తెలియనిది జగన్నాధం సారు ఒక్కరికే.

సారు యూనివర్సిటీలో ప్రొఫెసరు. మూడేళ్ళ కిందట ప్రాజెక్టు తెచ్చి, మాట పొందికగల మనిషి కావాలని కూర్మమ్మని పనిలో పెట్టుకున్నారు. బోరు నీళ్ళ వల్లే ఈ జబ్బు వస్తోందా అని తేల్చాలన్నారు. ఒక వీధికి శుభ్రం చేసిన నీళ్ళు ఇస్తారు, రెండో వీధికి ఇవ్వరు. రక్తం మాత్రం రెండు వీధులూ ఇవ్వాలి. ఏ వీధికన్నది పక్షపాతం లేకుండా తేలాలని, పంచాయితీ అరుగు మీద అందరూ చూస్తుండగా రూపాయి బిళ్ళ ఎగరేశారు. బొమ్మ పడింది. ఎగువ వీధి గెలిచింది. కూర్మమ్మది దిగువ వీధి.

పెళ్ళికూతురి చీర రంగుకే పదిమందిని అడిగే ఊరు అది. తాగే నీళ్ళకి రూపాయి బిళ్ళని అడిగారు.

“అందరికీ ఇచ్చెత్తే పోద్ది గద సార్?” అని ఎవరో అన్నారు ఆవేళ.

“అందరికీ ఇస్తే నీళ్ళ వల్లే బాగయ్యారని ఎలా తెలుస్తుంది? తెలిస్తేనే కదా గవర్నమెంటు ఊరూరా ఇచ్చేది.”

సారు చెడ్డవాడు కాడు. ఎండలో తిరిగి తిరిగి ఆయన మెడ నల్లబడింది. ఆమె ఇంట్లో చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుంటూ అమ్మ చేతి వంటలా ఉందన్నారు. అదే ఆమెకి మింగుడు పడదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఉండేది.

రెండు వీధుల పెరళ్ళకీ మధ్య ఒకటే మట్టిగోడ. మొదటి ఏడు ఎండల్లో, యమున కడుపుతో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం ఆ గోడ మీద స్టీలు బిందె కనపడింది. నిండా మంచినీళ్ళు. పెట్టింది దాలమ్మ. సోములికి అక్క, కూర్మమ్మకి వదిన; పిల్లా జెల్లా లేని ఒంటి మనిషి, ఎగువ వీధి. బిందె మీద చుక్కలతో ‘దాలమ్మ’ అని కొట్టి ఉంటుంది. జీడి బాగా కాసిన ఏడు సోములే నౌపడలో కొని, పేరు కొట్టించి అక్కకి ఇచ్చాడు. మర్నాటికి ఆ పక్కింటి గోడ మీద ఇంకో బిందె. నెల తిరక్కుండా దీపాల వేళకి గోడ పొడుగునా బిందెలే. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వారం వారం కూర్మమ్మ ఇల్లిల్లూ తిరిగి, “ఎవులికైనా పోస్తన్నారా?” అని అడిగేది. “నేదు” అనేవారు. “లేదు సార్” అని చెప్పేది.

ఎగువ వీధిలో దాలమ్మ గడప మీద చారబడి ఉంది. కళ్ళ కింద ఉబ్బు. కూర్మమ్మ వంగి పాదం మీద వేలు నొక్కితే సొట్ట పడి, అలాగే ఉండిపోయింది.

“వదినా, మంచినీలు తాగతండగా నీకీ వాపేటి?”

“ముసిల్దానికి వాపులు గాక వగలొస్తాయేటే?”

కూర్మమ్మకి నవ్వొచ్చింది, భయమూ వేసింది. “రేపు ఆస్పత్రికి పోదాం. నీలు సగం నువ్వు తాగు, సగవే మాకెట్టు.”

“సగవే ఎడతన్నాను తల్లీ. డబ్బా లోపలెట్టి ఎల్లు, మీ సారు కుర్చీలెయ్యమంటాడు.”

మధ్యాహ్నం బడి వరండాలో కుర్చీలేసింది. ప్రాజెక్టుకి డబ్బిచ్చే చోటి నుంచి ఇద్దరు పెద్దలొచ్చారు, కళ్ళద్దాల మేడమ్, ఒక బట్టతల ఆయన. బల్ల మీద బిస్కెట్లు, సీలు తియ్యని నీళ్ళ సీసాలు. కూర్మమ్మ టీ కప్పులు పట్టుకుని గోడవార నిలబడింది. గోడకి కట్టిన తెల్లగుడ్డ మీద ప్రొజెక్టరు వెలుగులో వీధికొక గీత, ఒకటి నీలం, ఒకటి ఎరుపు, ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టున్నాయి.

“రెండు వీధులకీ తేడా కనపడలేదు,” అన్నారు సారు, గొంతు తగ్గించి. “పైగా అందరికన్నా ఎక్కువ పాడైన మనిషి ఎగువ వీధిలోనే ఉంది. ముసలావిడ. రోజుకో డబ్బా ఇచ్చాం.”

దాలమ్మ వదినే. కూర్మమ్మ కప్పులతోనే ఒక అడుగు ముందుకేసింది.

“ఫలితం ఎలా ఉన్నా పని మాత్రం పద్ధతిగా చేశారు, జగన్నాధం గారూ,” అంది మేడమ్. “ఒక్క ఇల్లు కూడా మధ్యలో తప్పుకోలేదు. యంత్రం యూనివర్సిటీకి పంపించెయ్యండి. పనిచెయ్యని నీళ్ళకి ఇంకెవరూ నిధులివ్వరు.”

కూర్మమ్మకి యమున చంకలోని పిల్ల కళ్ళలో మెదిలింది.

“తేడా ఎలగుంటాది సార్?” గొంతు తనదేనా అనిపించింది. “నీలు రెండు వీదులోలూ తాగినారు.”

బట్టతల ఆయన బిస్కెట్టు నోటి దగ్గరే ఆగింది. సారు నవ్వుమొహం పెట్టి, “ఒక్క నిమిషం” అంటూ ఆమెని వంటగది వెనక్కి తీసుకుపోయారు.

“ఏం మాట్లాడుతున్నావు?”

“గోడ మీద బిందెలెట్టుకున్నాం సార్. మొదటేడు నుంచీ.”

“వారం వారం అడిగించాను. లేదన్నావు!”

“ఉందంటే నీలు ఆపీసేవోరు.”

సారు నుదురు రుద్దుకున్నారు. “ఈ మాట లోపల చెప్తే ఏమవుతుందో తెలుసా? ప్రాజెక్టు నడపడం చేతకాలేదని రాస్తారు. మూడేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే. నాకు ఇంకోటి రాదు, ఈ ఊరికీ రాదు.”

“సెప్పకపోతే?”

“ప్రాజెక్టు సక్రమంగా జరిగింది. నీళ్ళే పనిచెయ్యలేదు. అంతే.”

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“నీలకి నోరు నేదని తప్పు వాటి మీదకి తోసెత్తారా సార్?”

“మీరు పంచుకోకుండా ఉండుంటే...”

“కడుపుతో ఉన్న పిల్ల గోడవతల ఉప్పునీలు తాగుతంటే, ఇవతల మంచినీలెట్టుకుని సూస్తా కూకోమన్నారు. మాకు సేతకాలేదు సార్. దావమేసి నీలడిగినోలకి నేదనడం మాకెవులూ నేర్పనేదు. మీ బల్ల మీద సీసాలెట్టినాను గదా, వాటికీ రూపాయి బిల్ల ఎగరేసినారేటి?”

సారు చొక్కా సర్దుకుని లోపలికి పోయారు. “లోకల్ స్టాఫ్... ఏదో అపార్థం” అన్న మాట వినపడింది. మేడమ్ నవ్వింది. కుర్చీలు కిర్రుమన్నాయి. తెల్లగుడ్డ మీద గీతలు మారి, ఆఖరి బొమ్మ వచ్చింది: షెడ్డు ముందు కూర్మమ్మ, నీలం డబ్బా పట్టుకుని నవ్వుతూ. లోపల చప్పట్లు కొట్టారు.

ఆమె కప్పులు అక్కడే కింద పెట్టేసి నడిచింది. దారంతా లోపల ఉడికిపోతోంది. నీళ్ళు తాగినా వదిన పాడైందన్నారు. ఆ ఒక్క మాటే ముల్లులా తిరుగుతోంది.

దాలమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. గడప మీద మనిషి లేదు. నడవ నుంచి పెరట్లోకి నేల మీద తడి చుక్కలు, పోయినదారినే మళ్ళీ మళ్ళీ పోయినట్టు ఒత్తుగా. ఆ చుక్కల వెంట వెళ్ళింది. దాలమ్మ గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో చెంబు. తల పైన, గోడ మీద, బిందె నిండి ఉంది. బిందె ఎత్తలేక చెంబుతో తెచ్చి పోసింది కాబోలు.

“వదినా.”

బుగ్గ తట్టింది. చల్లగా ఉంది. ఈగ వాలితే కన్ను కదల్లేదు.

పోయిన మనిషి నోట్లో నీళ్ళు పొయ్యాలి. కూర్మమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. నీలం డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. మూల కుండలో నీళ్ళున్నాయి. మూత తీసి లోపలికి వంగి చూసింది. కుండ లోపల అంచు నుంచి అడుగుదాకా తెల్లటి ఉప్పు పెచ్చు, పొర మీద పొర, గోటితో గీకినా రానంత. బోరు నీళ్ళకే కడుతుంది ఆ పెచ్చు. ఆ కుండలోకి డబ్బా నీళ్ళు ఒక్కనాడూ దిగలేదు. డబ్బాకి బిందెడే వస్తాయని రోజూ మోసిన తనకి తెలీదా? గోడ మీదకి నిండు బిందె వస్తుంటే, వదిన తాగే సగం ఎక్కణ్ణుంచి వస్తుందని ఒక్క పూటైనా అనుకోలేదు. ఆ కుండ నీళ్ళు తాగి పాడైన మనిషిని, మంచినీళ్ళు తాగి పాడైందని గుడ్డ మీద చూపించారు.

కుండ మూత పెట్టేసింది. పెరట్లోకి వచ్చి, వదిన ఒళ్ళో చెంబు తీసుకుని గోడ మీది బిందెలో ముంచింది. గడ్డం పట్టుకుని నోట్లో పోసింది. నీళ్ళు లోపలికి పోలేదు. పెదవి చివర నుంచి జారి, మెడ మీదుగా రవికలోకి ఇంకిపోయాయి.

అటు షెడ్డు వైపు నుంచి యంత్రం గుయ్యిమనడం ఆగిపోయింది.

“పెద్దత్తా!” గోడవతల యమున గొంతు. “బిందె తీసుకోనా? గుంట దావమంతంది.”

కూర్మమ్మ నోరు తెరిచింది.

గాజుల చేతులు రెండు గోడ పైకి వచ్చి, బిందె అంచు పట్టుకుని, జవాబు కోసం ఆగాయి. ‘దాలమ్మ’ అన్న చుక్కలు ఇటువైపే ఉన్నాయి. లోపల నీళ్ళు, చెంబెడు తక్కువగా, ఇంకా కదులుతున్నాయి.